జతపరచినవి

ఊరు ఏడాదికి ఎంత పొగ వదులుతుందో
మార్చి నెలాఖరులోగా తేల్చాలట.
జోన్ ఆఫీసులో టీ చల్లారేలోపు
జ్ఞానాపురం నా పేరున రాసేశారు.
మెడలో కార్డు, చేతిలో ట్యాబు,
ట్యాబులో నాలుగు గడులు:
కరెంటు, గ్యాసు, పెట్రోలు, చెత్త.

"ఏడాదికి ఎన్ని సిలిండర్లమ్మా?"
తలుపు సందులోంచి కళ్లు నన్ను తూకం వేస్తాయి.
ఎక్కువ చెబితే పన్నేస్తారేమో,
తక్కువ చెబితే పథకం రాదేమో.
ఆరు అన్నవాళ్లే, నేను మెట్లు దిగేసరికి
ఎనిమిది రాసుకోమని కేకేస్తారు.
నేను ఏడు రాస్తాను.
పైన దాన్ని దశాంశాలతో గుణిస్తారని విన్నాను.

ఇస్త్రీ బండి సన్యాసయ్య
రోజుకి రెండు కిలోల బొగ్గు కాలుస్తాడు.
"రాసుకో తల్లీ, నాను దాచను" అని
పెట్టె మీది బూడిద ఊదాడు.
రెండు ఇంటూ మూడొందల అరవై ఐదు.
"ఆదోరం బండి తియ్యను గదా" అన్నాడు మెల్లగా.
యాభై రెండు ఆదివారాలు కొట్టేశాను.
అప్పులో వడ్డీ మాఫీ అయినవాడిలా
నవ్వాడు.

అప్పుడే గేటు అవతల గూడ్సు వెళ్లింది,
నిండా బొగ్గు, పైన తార్పాలిన్ లేదు.
యాభై ఎనిమిది వ్యాగన్లు. అలవాటుగా లెక్కపెట్టాను.
వెయ్యడానికి గడి లేదు.
సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే
"పోర్టు మన పరిధి కాదమ్మా. రైలూ కాదు.
గాలి..." అని ఆగి,
"గాలి సంగతి సార్‌ని కనుక్కుంటాను" అన్నాడు.
ఇంకా కనుక్కుంటున్నాడు.

కొత్త చెత్తబండి బ్యాటరీది. పొగ లేదు, చప్పుడూ లేదు.
వచ్చిందీ తెలీదు, వెళ్లిందీ తెలీదు.
మొదటి వారమంతా ఆడవాళ్లు
బకెట్లు పట్టుకుని దాని వెనక పరిగెత్తారు.
డ్రైవర్ గౌరీసు ఇప్పుడు అద్దానికి
వాళ్ల ఊరి ఆవు మెడలోని గంట కట్టుకున్నాడు.
కౌన్సిల్ తీర్మానంలో ఎక్కడా గంట లేదు.
పథకం నడుస్తున్నది మాత్రం దాని మీదే.

చివరి ఇల్లు నూకరత్నం గారిది.
ఫ్యాను ఒకటి, బల్బులు రెండు,
సిలిండర్లు మూడు, అదీ చుట్టాలొస్తే.
బండి లేదు. చెత్తంటే
ఉల్లిపొట్టు, చేప పొలుసులు.
నాలుగు గడులూ నాలుగు నిమిషాల్లో అయిపోయాయి.
ఆవిడ లోపలికెళ్లి
తెల్లచీర ముక్కొకటి తడిపి తెచ్చి
అరుగు మీద ఒక్కసారి లాగింది.
తిప్పి చూపించింది.
దాంతో ఉయ్యాల్లో పిల్లకి కాటుక పెట్టొచ్చు.
"పొద్దుట్నించి ఇది మూడోసారి.
దీన్నేటని రాస్తావు?"

రిమార్కుల గడిలో యాభై అక్షరాలే పడతాయి.
రాశాను, చెరిపాను,
మళ్లీ రాస్తే ట్యాబు చార్జింగ్ అయిపోయింది.
ఆ గుడ్డే అడిగి తీసుకున్నాను.
ఆరబెట్టి, కవర్లో పెట్టి,
నివేదిక అడుగున టైపు చేశాను:
జతపరచినవి:
ఒకటి, సర్వే పట్టిక.
రెండు, గుడ్డముక్క.

పట్టిక ఉంచుకున్నారు.
గుడ్డ తిరిగొచ్చింది,
పచ్చసిరా చీటీ పిన్ను చేసి:
"నిర్ణీత నమూనాలో లేదు."

మొన్న ఆ సందులో ఎల్ఈడీ దీపాలు వేశారు.
కరెంటు సగానికి సగం మిగులుతుందట,
నా లెక్క పుణ్యమేనట. నిజంగానే సంతోషించాను,
చూడ్డానికి రాత్రి పదింటికి వెళ్లాను.
పాత పసుపు వెలుగులో
అన్ని అరుగులూ ఒకే రంగులో నిద్రపోయేవి.
ఇప్పుడు మలుపు దగ్గర నుంచే
దేని మీద ఏం పడిందో కనిపిస్తోంది.

నూకరత్నం గారు గుడ్డ పిండుతోంది.
నన్ను గుర్తుపట్టి,
తడిచెయ్యి దీపానికెత్తి
వేళ్లు చూపించింది,
నాలుగు.