గైర్హాజరు

నాగుల్‌బీ,
మార్కులన్నీ వచ్చాయమ్మా నీకు.
ఫిజిక్సులో సరిగ్గా ఇరవై ఒకటి,
గట్టు అంచున కాలు జారకుండా నిలబడ్డావు.
హాజరు తక్కువైందని జరిమానా కట్టిన రోజు
ముచ్చికలు తీసిన చేత్తో ఇచ్చిన నోట్లకి
రసీదు రాస్తూ మూడుసార్లు తుమ్మాను, గుర్తుందా?

అయినా సర్టిఫికెట్ ఆపారు.
నైతికత, మానవ విలువలు:
గైర్హాజరు.

ఆ పేపరు తప్పినవాళ్ళని
గుంటూరులో ఇంతవరకు చూడలేదు నేను.
పెన్ను తెచ్చుకుని కూర్చుంటే చాలు.
నిజాయితీ అంటే ఏమిటని అడుగుతారు,
పక్కవాడిది చూసైనా రాసేస్తారు.

జ్వరమొచ్చిందని చెప్పు,
అర్జీలో అలాగే రాద్దామన్నాను.
కిటికీ ఊచలకి నుదురు ఆనించి
"నిద్రపోయానండీ" అన్నావు.
"రాత్రంతా కోల్డ్ స్టోరేజీ దగ్గర
లారీ వస్తుందని కూర్చోబెట్టారు.
తెల్లారి ఇంటికొచ్చి నడుం వాల్చాను,
లేచేసరికి అసర్ అజా వినపడింది."

బయట ఏటుకూరు రోడ్డు మీద
టిక్కీల లారీలు హారన్లు కొడుతున్నాయి.
ఏం రాయాలో తోచక
స్టాంపు ప్యాడు మూత తీసి మళ్ళీ పెట్టాను.

మళ్ళీ కట్టాలి, మళ్ళీ రాయాలి,
రూలు రూలే.
ఇదిగో, ఈ కాగితం వెనక
నీ ఫోన్ నంబరు వెయ్యి.
ఆ రోజు పొద్దున్నే నేను లేపుతాను.