పదమూడో నాడా

ఈ వారం సంగతులు చెప్పమంటవా?
కూసో. ఆ డబ్బా మీద కాదు, అండ్ల మొలలున్నయ్.

నల్లగొండ గడియారం చౌరస్తాల చెప్పులు కుట్టేటోనికి
ఊరి కబుర్లన్నీ కిందికెల్లే వస్తయ్.
మొఖాలు తర్వాత చూస్త నేను,
మడమలు ముందు చూస్త.

సెంట్రింగ్ గోదాము ఓనరు జాగ ఖాళీ చెయ్యమన్నడట.
మిర్యాలగూడ రోడ్డుల, మూతబడ్డ రైసుమిల్లు ఎన్కపొంటి,
సిమెంటు మరకల పలకలు పరిచి
ఆ పిల్లలు బూట్లతోటి చప్పుడు చేసే జాగ.
డప్పు లేదు, పాట సుత లేదు,
కాళ్లే వాయిద్యం.
ట్యాప్ డాన్స్ అంటరు వాళ్లు.
నేను టకటక అంట.

నర్మద మళ్లొచ్చింది.
గ్రానైటు బండ బొటనవేలి మీద పడి
మూడు నెలలు మంచం దిగని పిల్ల.
ఎడమ బూటుకు రేకు జర లోపటికి కొట్టమన్నది,
నొప్పి మీద బరువు పడకుండ.
కొట్టిన.
ఇప్పుడామె అడుగుల ఒక చిన్న ఆలస్యం వచ్చి చేరింది.
మంచి కాళ్లున్నోళ్లంత
ఆ ఆలస్యాన్నే నేర్చుకుంటున్నరు.

షాహీన్ తమ్మునికి చెవులు వినరావు, నీకెర్కే.
పలకల మీద బోర్ల పండుకొని చెంప ఆనిస్తడు.
ఎవలు తప్పితే వాళ్ల దిక్కు వేలు చూపిస్తడు.
ఒక్కనాడు సుత ఆ వేలు తప్పలే.

హైదరాబాదు పోటీల ఓడొచ్చిన్రు.
స్టేజీ మీద ఎర్ర తివాసి పరిచిన్రట!
ఇనుము దూదిల పడ్డట్టాయె.
లచ్చిరాం ఊకుంటడా, దేవరకొండ తండా రక్తం,
బయట మోరీ మీది ఇనుప మూత చూసి ఎక్కిండు.
రాత్రి పదింటిదాక జనం కదల్లేదట.
కప్పు రాలే గని
టిఫిను బండాయన అందరికి ఉత్తగనే ఇడ్లీ పెట్టిండట.

రేకులా? అది వేరే కథ.
మా నాయన మదార్ ఎడ్లకు నాడాలు కొట్టేటోడు.
అంగడి రోజు, ఎద్దును పడేసి, కాళ్లు కలిపి కట్టి,
నేను కొమ్ములు పట్టుకుంటే
చీలిన డెక్కకు చెరో ముక్క.
ఎద్దుకు ఎనిమిది నాడాలు.
ట్రాక్టర్లొచ్చినయ్, సంచి అటకెక్కింది.
ఆయన పోయినంక దించి చూస్తే పదమూడున్నయ్,
తుప్పు పట్టి, ఒకదాన్నొకటి కరుచుకొని.

ఈ పిల్లలు మొదటిసారి వచ్చి
బూటు ముందల ఒక ఇనుము, మడమకు ఒక ఇనుము అన్నప్పుడు
నవ్వొచ్చింది నాకు.
ఎద్దుకు ఎనిమిదైతే మనిషికి నాలుగు.
సాగ్గొట్టి, రాకి, ముగ్గురికి సరిపెట్టిన.
మిగతా వాళ్లకు పాత బీరువా రేకే.
చప్పుడుల తేడా నాకు తెలుస్తది.
వాళ్లకు చెప్పలే.

ఒకటి మిగిలింది గద.

మొన్న ఎల్లేశం వచ్చిండు, మర్రిగూడ దిక్కాయన.
బోరునీళ్లు ఎముకలల్ల గడ్డకట్టినయ్,
మెడ తిప్పాల్నంటే మనిషంత తిరగాలె.
యాభై నిండలేదు.
గోదాముల సంచి మీద కూసొని రోజూ చూస్తడు పిల్లల్ని.
చేతికర్ర నా ముందల పెట్టిండు.
'ఈ రబ్బరు తీసెయ్యి.'
జారుతవ్ గదనే, అన్న.
'జారనీ. చప్పుడన్న వస్తది.'

మంటల పెట్టి గుండ్రంగ వంచిన ఆ పదమూడో దాన్ని.
ఇరవై రూపాయలిచ్చిండు, తీసుకున్న.
వద్దంటే ఆయన ఊకుంటుండెనా?

పొద్దుగూకే యాళ్ల, బస్సులు, ఆటోలు, బత్తాయిల బండ్ల కేకలు,
అన్నిట్ల నడుమ విన్న:
కాలు ఈడ్పు, కాలు ఈడ్పు, టక్.
కాలు ఈడ్పు, కాలు ఈడ్పు,
కొంచెం ఆగి,
నర్మద లెక్కనే ఆగి,
టక్.

జాగ సంగతి ఇంక తేలలే.
శనివారం దాక ఆడ్నే ఆడుతరట.
నీ ఎడమ చెప్పు వారు తెగేటట్టున్నది,
ఇటియ్యి.