కొమ్ము లేని పేరు

బరంపురం ఎండలో ఫార్మలిన్‌కి
మధ్యాహ్నం రెండింటికి ఒక బరువొస్తుంది,
కళ్ళమీద ఎవరో మిరపతడి గుడ్డ పిండినట్టు.
ఆ బరువులో ముప్ఫై ఒక్కేళ్ళు నిలబడ్డారు
పేడాడ హైమవతి మేడమ్,
నాలుగో బల్లకి కుడిపక్క,
కుచ్చిళ్ళు పైకి దోపి.

మా శాఖకి రోగులు రారు.
తగ్గిందమ్మా అని పనసతొనలు తెచ్చిచ్చేవాళ్ళు లేరు.
ఆవిడతో చదివినవాళ్ళు గాంధీనగర్‌లో మేడలు లేపారు.
ఆవిడకి ప్రొఫెసర్ ఆర్డరు
రిటైరవడానికి ఎనిమిది నెలల ముందు వచ్చింది,
ఒడియాలో,
ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుతో.
దిద్దించుకోలేదు.

ఆవిడ పరిశోధన మణికట్టు.
బొటనవేలూ చిటికెనవేలూ కలిపి చెయ్యి వంచితే
చర్మం కింద పడుగుపోగులా లేచే
ఒక సన్నటి స్నాయువు.
కొందరికి ఉంటుంది. కొందరికి ఉండదు.
లేకపోయినా ఎవరి పనీ ఆగదు.
లేనివాళ్ళని లెక్కపెట్టడమే ఆవిడ ఉద్యోగం.

పట్టు నేసే దేవాంగుల వీధిలో,
గోపాల్‌పూర్ బస్సు కండక్టర్ల దగ్గర,
"ఏదీ చెయ్యి" అంటే
జాతకం అనుకుని చాపేవారట.
ఒకావిడ, పెళ్ళెప్పుడమ్మా అని కూడా అడిగిందట.
అచ్చయింది నాలుగు పేజీలు.
పోలండ్ నుంచి ఎవరో కార్డు రాశాడు.
అంతే, కీర్తి.

బీరువా తాళం నాకొచ్చాక తెలిసింది
రెండో పరిశోధన ఒకటుందని.

అడుగు అరలో పల్చటి ట్రేసింగు కాగితాలు,
ఏడాదికో కట్ట, పట్టుదారంతో.
ఖేత్రబాసి చెప్పాడు,
సగం ఒడియా సగం తెలుగులో:
"పిల్లలు కత్తి పెట్టకముందు మేడమ్ వస్తారు.
నేను చెయ్యి పట్టుకుంటాను.
మేడమ్ పచ్చబొట్టు దించుకుంటారు."

మొదట పోయేది చర్మమే కదా.
చర్మంతోపాటు పేరూ పోతుంది.

ఖుర్దా లైన్లో దొరికినవాళ్ళు,
ఆసుపత్రి వరండాలో మిగిలిపోయినవాళ్ళు,
ఎవరూ రాని వాళ్ళు మా దగ్గరికొస్తారు.
కాగితం మీద: తేలు. సవర చుక్కలు మూడు.
ఒడియాలో గుండ్రటి "జగా".
తెలుగులో "సింవాచలం", సున్నా జారిపోయి.
పక్కన ఆవిడ రాత: ఎడమచెయ్యి, స్నాయువు లేదు,
భాష మనదే.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట
పోలీస్‌స్టేషన్లకి సొంత బిళ్ళలతో ఉత్తరాలు.
ముప్ఫై ఒక్కేళ్ళలో ఇద్దరే వచ్చారు.

ఆ ఇద్దరిలో ఒకావిడ సోంపేట అవతలనుంచి,
టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని
స్టాఫురూములో కూర్చుంది.
మొహం చూపించే స్థితి దాటిపోయింది.
మేడమ్ కాగితం ఇచ్చారు.
"రాజలమ్మ" అని ఉంది.
ఆవిడ చదువుకోలేదు. వేలు మాత్రం
రెండో అక్షరం దగ్గర ఆగింది.

"కొమ్ము లేదు కదమ్మా ఇక్కడ.
పచ్చబొట్టోడు మర్సిపోనాడు.
మా సిన్నోడు బళ్ళో సదివొచ్చి సెప్పినాడు,
అయ్య సేతిమీద అమ్మ పేరు తప్పని.
ఆడు నవ్వినాడు, నాను నవ్వినాను.
మావోడేనమ్మా."

తర్వాత డబ్బా విప్పి
మేడమ్‌కి రెండు చేగోడీలు పెట్టిందట.
తిన్నారా అని అడిగితే
ఖేత్రబాసి జవాబివ్వకుండా బల్ల తుడిచాడు.

ఇవాళ నా వంతు.
కొత్త బ్యాచి గుమ్మం దగ్గర గుసగుస,
చేతితొడుగులు ఊది బుడగల్లా పేలుస్తున్నారు.
నాలుగో బల్లమీద ఒక ముంజెయ్యి,
పచ్చటి గీత ఒకటి మొదలై, వంగి,
ఏ అక్షరమూ కాకుండానే ఆగిపోయింది.
నొప్పికి చెయ్యి లాక్కున్నాడో,
డబ్బులు చాలలేదో,
రైలు వచ్చేసిందో.

ఖేత్రబాసి అడక్కుండానే చెయ్యి పట్టుకున్నాడు.
కాగితం పరిచాను.
ఏ భాష అని రాయాలో తోచక
పెన్సిలు అక్కడే ఉంచి
"ఇంకో ఐదు నిమిషాలు బయటే ఉండండి" అన్నాను,
తెలుగులో,
తర్వాత ఒడియాలో.