రెండు వందల పదిహేడో నంబరు

రాయిని నాలుకతో తాకి చూసేవాడు తాత.
తడిస్తేనే లోపలి రంగు బయటపడుతుందట,
పొడిగా ఉన్నప్పుడు
వైవా గదిలో నిలబడ్డ పిల్లాడిలా
తెలిసింది కూడా చెప్పదట.
"రోడ్ల మీది రాళ్లన్నీ నాకొచ్చి
నా పప్పులో ఉప్పు తక్కువంటడు" అనేది నానమ్మ.

దామెర విఠల్ రావు, భూగర్భశాస్త్రం.
ఉర్దూలో చదివి, ఇంగ్లీషులో పాఠం చెప్పి,
కోపమొస్తే జనగామ యాసలో తిట్టిన మనిషి.
రిటైరై ఇరవై రెండేళ్లు దాటినా
తార్నాక ఇంటి గేటు మీద 'ప్రొఫెసర్' చెరగకుండా
ఏటా దసరాకి రంగు వేయించింది నానమ్మే.

ఆదివారాలు నన్ను మౌలాలి గుట్ట ఎక్కించేవాడు.
సగం మెట్ల దగ్గర ఆయాసం.
ఒప్పుకునేవాడు కాదు, బండ మీద చెయ్యేసి
"దీని వయసు రెండు వందల యాభై కోట్ల ఏండ్లు,
మనం పది నిమిషాలు కూసుంటే ఏమైతది" అనేవాడు.
జేబులోంచి గుప్పెడు పల్లీలు తీస్తే
వాటితో పాటు గులకలూ వచ్చేవి.
చూసుకొని కొరకాలి.

ఒకసారి ఖాజాగూడ దాటాక బండ పేలుస్తున్నారు.
కారు ఆపించి, చెప్పులతోనే
దుమ్ములోకి నడిచాడు.
అరవబోయిన కాంట్రాక్టరు
హెల్మెట్ తీసి చేతులు కట్టుకున్నాడు:
"సార్, తొంభై మూడు బ్యాచ్.
పగులు ఎటు పోతదో మీరు చెప్పిందే సార్."
తాత వంగి గులాబీ రంగు ముక్క ఒకటి ఏరుకున్నాడు.
ఇంటి దాకా మాట్లాడలేదు.
ఆ రోజు రాయిని నాలుకకి ఆనించనూ లేదు.

ప్రతి నవంబరులో బ్యాంకుకి పోయి
బతికే ఉన్నానని సంతకం చేసి వచ్చేవాడు.
"ఏ శిలాజానికీ లేదమ్మా ఈ తిప్పలు" అని
కండువాతో చెమట తుడుచుకుంటూ నవ్వేవాడు.

ఆఖరి వారం
ఆక్సిజన్ మాస్కు కింద పెదాలు కదులుతుంటే
దేవుడి పేరే అనుకున్నారందరూ.
నేను చెవి ఆనించి విన్నాను.
సాత్ సత్తే ఉన్‌చాస్.
సాత్ అట్ఠే ఛప్పన్.
చిన్నప్పుడు బడిలో బెత్తం కింద నేర్చిన ఎక్కం,
తొమ్మిది దగ్గర ఆగింది.
సెలైన్ మారుస్తున్న నాందేడ్ పిల్ల
అటు తిరిగే, మెల్లగా అందించింది:
"తిర్‌సఠ్, దాదా."
తల ఊపాడు. సరైన జవాబుకి
క్లాసులో ఊపినట్టే.

ఇప్పుడు మళ్లీ నవంబరు.
బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, ఎవరం తెరవలేదు.
రాళ్లను యూనివర్సిటీకి ఇచ్చేద్దామన్నారు నాన్న.
అట్టపెట్టెల్లో సర్దుతూ
రిజిస్టరుతో ఒక్కొక్కటీ సరిచూస్తున్నాను.
రెండు వందల పదహారు: గులాబీ ఫెల్డ్‌స్పార్, ఖాజాగూడ.
దాని ఎదురుగా ఎర్రసిరాతో ఒక్క మాట, 'నాదే తప్పు.'
ఏది తప్పో రాయలేదు.
పదిహేడు దగ్గర రాయి లేదు,
దూది పెట్టిన హోమియో సీసా ఉంది.
"ఖనిజం: అపటైట్. కాఠిన్యం: ఐదు.
దొరికిన చోటు: తార్నాక, వంటింటి గడప.
సేకరణ: పేరిందేవి, వయసు ఆరున్నర.
ఏడవలేదు."

నా మొదటి పాలపన్ను.
ఇంటి కప్పు మీదికి విసిరేశానని
అందరితో పాటు నాకూ అబద్ధం చెప్పాడు.

ఎముకా పన్నూ ఒకే ఖనిజమని
నాకు చెప్పింది ఆయనే.
బాసరలో నాన్న కుండ వంచినప్పుడు
ఆ పాఠం గుర్తొచ్చి పక్కకు జరిగాను.
పద్దెనిమిది దగ్గర నంబరొక్కటే వేసుంది,
గళ్లన్నీ ఖాళీ.

పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాను.
పేజీ తిప్పడానికి
వేలు నాలుకకి ఆనించాను.
తడి తగిలిన మూల
వెలిసిపోయిన నీలిసిరా
కొంచెంసేపు కొత్తగా కనబడింది.