మూడున్నర లీటర్లు

సుంకి ఘాట్‌లో, లోయ ఎడంపక్కకి వచ్చే మలుపు దగ్గర
రెండు నుంచి మూడుకి మారడానికి
బండి ఒక్క క్షణం ఆలోచించింది.
వెనకాల జీడిపిక్కల లారీ హారన్ కొట్టింది.
ఇంజన్ అరిచింది, చక్రం వినలేదు.
తర్వాత ఎవరో వీపు మీద చరిచినట్టు ఒక్క కుదుపు,
మళ్లీ మామూలే.

ఎడమ మోకాలిలో స్టీలు ముక్క పడ్డాక
క్లచ్ లేని బండి కొనుక్కున్నాను,
మూడు చేతులు మారినది, లక్షా పదివేలు తిరిగినది.
గేర్లు అదే మార్చుకుంటుంది కదా అని
దాని గురించి అడగడం మానేశాను.

విశాఖలో కంపెనీ సెంటర్ కుర్రాడు
టై సర్దుకుని చెప్పాడు:
"మిషన్ పెట్టి మొత్తం తోసేస్తాం మేడమ్,
ఎనిమిది లీటర్లూ కొత్తది, కడిగిన ముత్యం."
కాగితం మీద పదమూడు వేల చిల్లర.
సంతకం దగ్గర నా పెన్నూ
బండిలాగే ఒక్క క్షణం ఆగింది.

సెమిలిగుడలో దండాసి మేస్త్రి
కొలపుల్ల లాగి, పాత పంచె ముక్క మీద తుడిచి
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
మాడిన బెల్లం వాసన నాదాకా వచ్చింది.
పానాలు అందించే బులు తొంగిచూసి
"కళా హేఇగలాణి" అన్నాడు.
నల్లబడిపోయిందని.
కొరాపుట్‌లో ఇరవై రెండేళ్లున్నా
ఆ మాట మొదట నాకు కళగానే వినపడుతుంది,
నలుపు తర్వాత వస్తుంది.

"కడిగీమంటే కడిగెత్తానండి, నాదేటి పోయింది.
ఇన్నాళ్లూ ఎవులూ మార్సనేదు.
లోపల పలకలు అరిగీసి
ఆ పొడి నూన్లోనే ఉండిపోనాది.
ఇప్పుడా పొడే పట్టు.
ఒక్కపాలి మొత్తం తోసీసేరా,
కొత్త నూనె జారుడు, పలకలు నున్న.
సుంకి ఎక్కదు."
"మరి మార్చకపోతే?"
"కాలిపోద్ది."
రెండూ ఒకే గొంతుతో అన్నాడు,
భోజనం అయిందా అన్నట్టు.

నిజమో కాదో నాకు తెలీదు.
తోసేస్తేనే పాడయిందో
పాడయ్యాకే తోయించారో
చచ్చిన గేర్ బాక్సు సాక్ష్యం చెప్పదు.
నేను ఆస్పత్రి ల్యాబులో రక్తం చూసే మనిషిని.
నాలుగు గ్రాముల హిమోగ్లోబిన్‌తో
పొట్టంగి కొండ దిగి నడిచొచ్చిన ముసలమ్మలకి
ఒకే రాత్రి సీసాలకి సీసాలు ఎక్కించరు.
ఆ కొంచెంతోనే బతకడం నేర్చుకున్న గుండె
తట్టుకోలేదంటాడు డాక్టరు.
ఈ పోలిక దండాసికి చెప్పలేదు.
నవ్వుతాడేమోనని కాదు,
ఒప్పుకుంటాడేమోనని.

"కిందున్నంత ఒంపేద్దాం, ఒంపినంతే పోద్దాం.
మళ్లీ దసరా ఎళ్లాక సూద్దాం."
పాన్ విప్పాడు. మూడున్నర లీటర్లు
పెరుగు బకెట్‌లోకి వచ్చింది, తొందర లేకుండా.
మిగతాది లోపలే ఉండిపోయింది,
ఎక్కడెక్కడ అని అడిగితే చేత్తో గాల్లో
మెలికలు చుట్టి చూపించాడు.
అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద.
వేలితో నలిపి, వెలుగులో పెట్టి,
"రవ్వల్లేవు. బతికినట్టే" అన్నాడు.
ఆ వేలు నా కళ్ల ముందే లుంగీకి తుడిచేశాడు.
లక్షా పదివేల కిలోమీటర్లు
లుంగీ మీద ఒక గీత.

కొత్త నూనె దానిమ్మ రసంలా ఉంది.
గరాటులో పోస్తుంటే బులు గుటక వేశాడు.

తిరిగొస్తుంటే పొట్టంగి దాటాక వాన.
నాలుగుసార్లు తేలిగ్గా మారింది.
ఐదోసారి ఆలోచించింది,
లేకపోతే నేనే ఆలోచించి దాని మీద పెట్టానో.

రాత్రి బండి కింద ఒడియా పేపరు పరిచాను.
పొద్దున్న, పెళ్లి ప్రకటనల పక్కన
ఒక్క చుక్క.
కొత్తదా, పాతదా?
మోకాలు ఒప్పుకున్నంత వంగి చూశాను.
ఎరుపు అందామంటే నలుపుంది.
కళా అందామంటే
ఇంకా కాలేదు.