మడత

బ్యాంకాయన లింకు డాక్యుమెంట్లు ఏవన్నాడు.
రేకు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను.
యాభై ఏళ్ల ఇంటిపన్ను రసీదులు,
పోయి ఇరవై రెండేళ్లయినా మా తాత చెంచయ్య
మొన్న మార్చి దాకా బకాయి లేకుండా కట్టినవి.
మున్సిపాలిటీలో తాత ఇంకా బతికే ఉన్నాడు.
కరెంటాఫీసులో మా నాయన.
నేనే ఎక్కడా లేను,
ఇంట్లో తప్ప.

అడుగున, పాత రవికగుడ్డలో, తెల్లకాగితం.
తెల్లకాగితమని పేరేగానీ టీ రంగుకు తిరిగింది.
కర్నూలు జిల్లా మార్కాపురం తాలూకా అని మొదలవుతుంది.
ఆ తర్వాత మేం ఒంగోలు జిల్లా అయినాం, ప్రకాశం అయినాం.
ఇల్లు మాత్రం తర్లుపాడు రోడ్డు దిగువన
జానెడు కూడా జరగలేదు.

దస్తావేజుల శేషాద్రి కళ్లజోడు తుడుచుకుని
చెక్కుబందీ పైకి చదివాడు.
తూర్పు, ఇమాంబీ గారి వామి.
(వామి లేదు, ఇమాంబీ లేదు, సెల్‌ఫోన్ల అంగడి ఉంది.)
దక్షిణం బండ్ల బాట, పడమర పలకల కార్ఖానా గోడ.
ఉత్తరం దగ్గర ఆగి, ఇదేందమ్మా,
వేపచెట్టు నీడ వరకు అని రాశారు,
ఏ పూట నీడ?

ఇద్దరం నవ్వాం.
ఆ నవ్వు మడత దగ్గరికొచ్చి ఆగిపోయింది.
తొమ్మిది వందల రూపాయలు రొక్కం ముట్టినందున
సదరు ఇల్లు మీకు
తర్వాత చిల్లు
యిచ్చినాను.
కింద ఖాదర్‌వలీ వేలిముద్ర.
ఇల్లుంది, రొక్కముంది, వేలుంది.
ఏం చేసి యిచ్చాడో ఆ మాటే లేదు.
అమ్మి, అన్నాన్నేను.
రెండక్షరాలు, కొలిచినట్టు పడతాయి.
ముసలాయన వారసుల్ని పట్టుకురా, అన్నాడు శేషాద్రి.

మనవరాలు కంభంలో దొరికింది. జైతూన్. రవికలు కుడుతుంది.
మిషను ఆపకుండానే విన్నది.
మా ఇంట్లో అమ్మాడని చెప్పుకోరక్కా, కుదువ పెట్టాడంటారు.
తొమ్మిది వందలు కూడనీ, మార్కాపురం ఇల్లు విడిపిస్తానని
మా నాయన ఆఖరి దాకా అన్నాడు.
కుదువ.
సన్నంగా రాస్తే మూడక్షరాలూ పడతాయి.

ఇరవై ఏళ్లుగా పలకలకు చెక్కలు బిగిస్తున్నాను.
దొండాకుతో రుద్దితే ఏ లెక్కైనా పోతుందని తెలుసు.
కాగితం పోదనుకున్నాను.

ఆదివారం తనే వచ్చింది. గడప బయట చెప్పులు విడిచి
ఎప్పుడూ చూడని ఇంట్లోకి
చూసిన మనిషిలా నడిచింది.
పొయ్యింటి మూల పలకరాయి మీద కాలు మోపింది.
టక్కుమంది.
ఇంకా కదుల్తానే ఉందా, మా నాయనమ్మ చెప్పేది, అంది.
పుట్టినకాడ్నుంచి నేను తప్పుకుని నడిచే రాయి అది.

సంచిలోంచి తొమ్మిది వంద నోట్లు తీసి
మంచం మీద పరిచింది.
నాకు గుండె జారింది.
ఈ గోడలు మా తాత మళ్లీ లేపినవి, పెంకు దించి
స్లాబు పోసింది మా నాయన, అని నోటిదాకా వచ్చింది.
ఇల్లు అడగటానికి రాలేదక్కా, అంది.
ముందు విడిపించుకోనీ. తర్వాత నీకే అమ్ముతా.
ఎంతకి?
తొమ్మిది వందలకే.

ఇదంతా రిజిస్ట్రారు ముందు చెల్లదు, తెలుసు.
స్టాంపు డ్యూటీ గవర్నమెంటు ధర మీదే కట్టాలి.
గిద్దలూరులో ఆమె తమ్ముడు ఫోనెత్తడం లేదు.
పొదిలి నుంచి మా మేనత్త సుబ్బరత్నం
నా వాటా సంగతేందని రోజుకు రెండుసార్లు.
అయినా నోట్లు తీసుకున్నాను. లెక్కపెట్టాను.
మళ్లీ ఆమె చేతిలో పెట్టడానికి
ఒక అరనిమిషం పట్టింది.

ఆ అరనిమిషం ఇల్లు ఆమెది.
ఎవరింట్లోనో ఉన్నట్టు
తలుపు పక్కన నిలబడిపోయాను.
కూర్చో అక్కా, అంది.