తొమ్మిదో కొమ్మ

మొరియోకాలో, బడి ముందు సకురా చెట్టుకి
ఎర్ర టేపు చుట్టి వెళ్లారు.
ఆ సాయంత్రమే సెలూన్ మూసి
ఇసుజు వచ్చింది, జుట్టు కత్తిరించే కత్తెరతో.

తొమ్మిది లేత కొమ్మలు, జానెడేసి.
కింది ఆకులు గిల్లి, ఏటవాలుగా కోసి
తడి ఇసుకలో గుచ్చి
పైన పాలిథిన్ సంచి బోర్లించింది.
జూన్ వానలు. సంచి లోపలా వానే.

మొదటి వారం మూడు నల్లబడ్డాయి.
తర్వాత నాలుగు.
ఒకటి చిగురేసింది గానీ, అది అబద్ధం:
వేరు లేకుండా, కాండంలో దాచిన సొమ్ము
ఖర్చు పెట్టిందంతే.

చెట్టు కొట్టేశారు. సెలూన్ అద్దంలో ఎండ ఎక్కువైంది.
కుర్చీలో తల వంచిన ముసలాయన అడిగాడు,
"బతికిందా?"
"మెడ కదపకండి" అంది.

ఆగస్టులో ఒక రాత్రి
మిగిలిన కొమ్మని రెండు వేళ్లతో
నెరిసిన వెంట్రుకని లాగినట్టు లాగింది.

లోపల ఎవరో
వదల్లేదు.